టైరు దీపం ఆర్పే తప్పుడు సలహాలు

కారుకి టైరు గాలి సెన్సార్లు మార్పించుకొని ఊళ్ళోకి రాగానే సలహాలు మొదలవుతాయి. పంక్చర్ షాపు దగ్గర ఒకటి, పెట్రోలు బంకు దగ్గర ఇంకొకటి, అమెరికాలో ఉన్న కొడుకు ఫోనులో మూడోది. మా వైపు వీరులపాడు, జుజ్జూరు, కంచికచర్ల, నందిగామ, ఎక్కడ విన్నా అన్నీ ఒకే పని గురించి: డ్యాష్‌బోర్డు మీద వెలిగిన పసుపు దీపాన్ని ఎలా ఆర్పాలి. అడ్డంగా కోసిన టైరు బొమ్మ, మధ్యలో ఆశ్చర్యార్థకం, అదీ ఆ దీపం. ముందు టైర్లో గాలి ఎంతుందో చూడమని చెప్పేవాళ్ళు మాత్రం అరుదు. అందుకే ఆ సలహాలను ఒకచోట పెట్టి, ఏది ఎందుకు పాటించకూడదో, దాని బదులు ఏం చేయాలో రాస్తున్నాను. వేసవి సెలవుల్లో పిల్లాపాపలను ఎక్కించుకొని 65వ నంబరు జాతీయ రహదారి మీద హైదరాబాదు వెళ్ళే కుటుంబాలకి ఇది ప్రాణాలతో ముడిపడ్డ సంగతి.

ఈ దీపం కారు కంపెనీలు ముచ్చటపడి పెట్టింది కాదు. 2000 ఆగస్టులో అమెరికాలో ఫైర్‌స్టోన్ కంపెనీ 65 లక్షల టైర్లను వెనక్కి పిలిచింది. చాలావరకు ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ బళ్ళకి వేసినవి. వేగంగా పోతుండగా టైరు పైపొర ఊడొచ్చేది, బండి పల్టీ కొట్టేది. రెండు వందల మందికి పైగా చనిపోయారు. ఎక్కువ ప్రమాదాలు టెక్సాస్, ఫ్లోరిడా, అరిజోనా లాంటి వేడి రాష్ట్రాల్లోనే జరిగాయి. ఫోర్డ్ ఆ బండికి 26 పీఎస్ఐ గాలి చాలని రాసింది, టైరు కంపెనీ 30 ఉండాలంది. తప్పు టైరుదా బండిదా అని రెండు కంపెనీలూ పోట్లాడుకున్నాయి గానీ, తక్కువ గాలి, ఎండ, నిండు బరువు, వేగం, ఈ నాలుగూ కలిస్తే టైరు బతకదన్న సంగతి అందరికీ తెలిసొచ్చింది. ఆ ఏడాదే నవంబరు 1న అక్కడ చట్టం వచ్చింది. 2007 సెప్టెంబరు నుంచి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఈ హెచ్చరిక తప్పనిసరి అయింది. ఐరోపాలో 2014 నవంబరు నుంచి ప్రతి కొత్త కారుకీ ఉండాల్సిందే అన్నారు. మన దగ్గర 2020లో మోటారు వాహనాల నిబంధనలు మార్చారు. ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్టు, ఈ హెచ్చరిక ఏర్పాటు మూడూ ఉన్న కారుకి స్టెప్నీ లేకపోయినా ఫర్వాలేదని ఆ మార్పు సారాంశం. అంటే కొన్ని కార్లలో ఇప్పుడు డిక్కీలో ఉండాల్సిన అయిదో చక్రం బదులు ఆ చిన్న దీపమే కాపలా కాస్తోంది.

ఎండ, బరువు, వేగం మనకేం కొత్త కాదు. ఏప్రిల్, మే నెలల్లో నందిగామ, జగ్గయ్యపేటల్లో 44, 45 డిగ్రీలు మామూలు. చిల్లకల్లు టోలు గేటు నుంచి కీసర టోలు గేటు దాకా తారు రోడ్డు మీద మిట్టమధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం. ఆ రోడ్డు మీద గంటకి వంద కిలోమీటర్ల వేగంతో, అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామానుతో పోయే కారు టైరు పడే బాధ ఎక్స్‌ప్లోరర్ టైరు పడ్డ బాధే.

"బటన్ నొక్కెయ్ బాబాయ్, అదే ఆరిపోతుంది"

అందరికంటే ముందు వినిపించే సలహా ఇది. నొక్కితే కొన్ని కార్లలో నిజంగానే దీపం ఆరిపోతుంది. దీన్ని ఇంత ప్రమాదకరం చేస్తున్నది కూడా అదే.

టైరు గాలి కనిపెట్టే ఏర్పాట్లు రెండు రకాలు. మొదటి రకంలో ప్రతి చక్రం లోపలా వాల్వుకి అంటిపెట్టుకొని ఒక సెన్సార్ ఉంటుంది. అది గాలి ఒత్తిడిని నేరుగా కొలిచి రేడియో తరంగాల మీద కారుకి పంపుతుంది. తెర మీద చక్రం చక్రానికీ విడిగా అంకె కనిపిస్తే మీ కారు ఈ రకమే అనుకోవచ్చు. రెండో రకంలో చక్రం లోపల ఏమీ ఉండదు. బ్రేకుల ఏబీఎస్ కోసం ప్రతి చక్రం దగ్గరా ఎలాగూ వేగం కొలిచే పరికరం ఉంటుంది కదా, దాన్నే వాడుకుంటారు. గాలి తగ్గిన టైరు కాస్త అణిగి, దాని చుట్టుకొలత తగ్గుతుంది. అదే దూరానికి మిగతా మూడింటికంటే ఎక్కువ చుట్లు తిరుగుతుంది. ఆ తేడా పట్టుకొని కారు దీపం వెలిగిస్తుంది.

రెండో రకం కారులో బటన్ నొక్కితే ఏం జరుగుతుందో బాగా అర్థం చేసుకోండి. "ఇప్పుడు ఈ నాలుగు టైర్లలో ఉన్న గాలే సరైన గాలి, ఇకనుంచి దీన్ని బట్టే లెక్క చూసుకో" అని మీరు కారుకి చెబుతున్నారు. కారు మీ మాట నమ్ముతుంది. ఒక టైరులో 24 ఉండగా నొక్కారనుకోండి, ఆ 24నే సరైనదిగా నేర్చుకొని నోరు మూసుకుంటుంది. రేపు అది 20కి దిగినా దానికి తేడాగా అనిపించకపోవచ్చు. దీపం ఆరింది, టైరు మాత్రం చావుకి దగ్గరైంది. కాబట్టి ఆ బటన్ జోలికి ముందు వెళ్ళకండి. టైర్లు చల్లగా ఉన్నప్పుడు నాలుగింటిలోనూ కంపెనీ చెప్పినంత గాలి నింపి, మీటరుతో కొలిచి, ఆ తర్వాతే నొక్కాలి. నొక్కాక కూడా కారు కొంత దూరం నడిస్తేగానీ నేర్చుకోవడం పూర్తికాదు.

మొదటి రకానికి సెన్సార్లు మార్చాక బటన్ నొక్కడం వల్ల ఒరిగేది దాదాపు ఏమీ లేదు. ప్రతి సెన్సారుకీ పుట్టుకతో ఒక నంబరు ఉంటుంది. కారు తన జ్ఞాపకంలో ఉన్న నాలుగు నంబర్లు పలికితేనే వింటుంది. కొత్త సెన్సార్ పెట్టాక దాని నంబరు కారుకి నేర్పాలి. నేర్పకపోతే చక్రం లోపల సెన్సార్ ఎంత అరిచినా కారు పట్టించుకోదు.

ఏది జరుగుతోందో దీపమే చెబుతుంది. వెలిగి నిలకడగా ఉంటే గాలి తక్కువని. బండి స్టార్టు చేయగానే ఒక నిమిషం, నిమిషంన్నర పాటు టపటపా కొట్టుకొని ఆ తర్వాత నిలబడితే, గాలి సంగతి కాదు, సెన్సార్ మాట కారుకి వినిపించడం లేదని. ఈ తేడా తెలియక గాలి తక్కువని చెబుతున్న దీపానికి సెన్సార్లు మార్పించేవాళ్ళున్నారు. సెన్సార్ పోయిందని చెబుతున్న దీపానికి గాలి కొట్టిస్తూ తిరిగేవాళ్ళూ ఉన్నారు. రెండో రకం కార్లకి ఇంకో మాట: ఏబీఎస్ దీపం కూడా వెలిగి ఉంటే గాలి దీపాన్ని ముట్టుకోవద్దు. ముందు బ్రేకుల సంగతి చూపించండి. అది బాగుపడితే గాలి దీపం కూడా సర్దుకునే అవకాశం ఉంది.

"ఎండాకాలం కదా, నాలుగు తగ్గించి కొట్టించండి"

ఈ ప్రాంతంలో నన్ను అన్నిటికంటే భయపెట్టే సలహా ఇదే. వినడానికి ఎంతో తెలివైన మాటలా ఉంటుంది. వేడికి గాలి వ్యాకోచిస్తుంది, టైరు పేలుతుంది, కాబట్టి ముందే తగ్గించాలి అంటారు. మొదటి మాట నిజం. మిగతా రెండూ తలకిందులు.

టైరు పగిలేది ఎక్కువగా గాలి ఎక్కువై కాదు, తక్కువై. గాలి తగ్గిన టైరు రోడ్డుకి తగిలే చోట అణిగి, పైకి రాగానే మళ్ళీ లేస్తుంది. వంద కిలోమీటర్ల వేగంలో ఇది నిమిషానికి ఎనిమిది వందల సార్లు జరుగుతుంది. అలా వంగిన ప్రతిసారీ పక్కగోడ లోపలి రబ్బరూ దారాలూ వేడెక్కుతాయి. ఎంత వంగితే అంత వేడి. ఆ వేడి బయటి ఎండకి తోడవుతుంది. చివరికి పొరలు విడిపోతాయి. కంపెనీ కారు తలుపు పక్కన రాసిన అంకెలో ఎండకి పెరిగే గాలి లెక్క ముందే ఉంది. టైరు చల్లగా ఉన్నప్పుడు 33 ఉండాలి అంటే, నడిచాక 38, 39 అవుతుందని తెలిసే ఆ మాట రాశారు.

ఇది అంకెల్లో చూపిస్తాను, ఎందుకంటే మాటల్లో చెబితే ఎవరూ నమ్మడం లేదు. తెల్లవారుజామున 30 డిగ్రీల దగ్గర 33 పీఎస్ఐ నింపిన టైరు, విజయవాడ నుంచి ఎండలో వచ్చేసరికి లోపల 70 డిగ్రీలకు చేరిందనుకుందాం. టైరు వేడి ఆరు డిగ్రీలు పెరిగితే గాలి సుమారు ఒక పీఎస్ఐ పెరుగుతుంది. 40 డిగ్రీలకి ఆరు పైచిలుకు. మీటరు 39 చూపిస్తుంది. షాపు కుర్రాడు "అన్నా, ఎక్కువుంది" అని చక్కగా 33కి దించి పంపిస్తాడు. మరునాడు పొద్దున ఇంటి ముందు చల్లగా ఉన్నప్పుడు అదే టైరు కొలిస్తే 27, 28 ఉంటుంది. ఒక్క పంక్చర్ లేకుండా, ఒక్క ముల్లు గుచ్చుకోకుండా ఆరోవంతు గాలి పోయింది.

ఇక్కడే దీపం మీద నమ్మకం మనల్ని ముంచుతుంది. చాలా కార్లలో ఆ దీపం వెలిగేది గాలి సుమారు నాలుగోవంతు పడిపోయాకే. 33 ఉండాల్సిన టైరు 25 దగ్గరికి దిగేదాకా అది మాట్లాడదు. 27, 28 దగ్గర అది నిద్రలోనే ఉంటుంది. ఆ సమయంలో ఎవరైనా "సెన్సార్లు కొత్తవి కదా, ఒకసారి రీసెట్ చేసేయండి" అంటే, రెండో రకం కారు 27నే సరైన గాలిగా నేర్చేసుకుంటుంది. అటుపైన నాలుగోవంతు తగ్గేదాకా, అంటే 20 దాకా, మీరు ఏ హెచ్చరికా లేకుండా పోతారు. ఇన్ని తప్పులూ చేసింది మంచి మనసుతో సలహా ఇచ్చినవాళ్ళే.

కాబట్టి వేడిగా ఉన్న టైరు నుంచి ఎప్పుడూ గాలి వదలనీయకండి. ఎవరు చెప్పినా సరే, మీటరు 40 చూపించినా సరే. ఎక్కువైందని నిజంగా అనుమానముంటే మరునాడు తెల్లారాక చూడండి.

గాలి కొలిచే సరైన సమయం పొద్దున్నే, బండి కనీసం మూడు గంటలు కదలకుండా ఉన్నాక, ఎండ పడకముందు. సరైన అంకె డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే చట్రం మీది చీటీలో ఉంటుంది. టైరు పక్కన అచ్చుపోసిన పెద్ద అంకె ఆ టైరు భరించగల గరిష్ఠ ఒత్తిడి. మీరు నింపాల్సింది అది కాదు. చీటీలో రెండు వరుసలుంటే, ఒకటి ఇద్దరు ముగ్గురు ప్రయాణించేటప్పటికి, రెండోది నిండు బరువుకి. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకి ఇంటిల్లిపాదీ కూర్చొని, పొంగళ్ళ సామాను డిక్కీలో వేసుకొని పోయేటప్పుడు రెండో వరుస చూడాలి. చీటీలో అంకెలు కిలోపాస్కల్‌లో ఉంటే 100కి 14.5 పీఎస్ఐ, బార్‌లో ఉంటే ఒక బారుకి 14.5 పీఎస్ఐ అని గుర్తు పెట్టుకోండి. 2.3 బార్ అంటే 33.

బంకు నందిగామలోనో కంచికచర్లలోనో ఉంటే, అక్కడికి వెళ్ళేసరికే టైరు వేడెక్కుతుంది కదా అంటారు. నిజమే. దానికి ఒక దారుంది. కొన్ని వందల రూపాయలకు దొరికే చిన్న చేతి మీటరు కొనుక్కోండి. పొద్దున్నే ఇంటి దగ్గర కొలవండి. ఒక టైరు 33 బదులు 29 చూపించిందనుకుందాం. నాలుగు తక్కువ. ఆ నాలుగూ కాగితం మీద రాసుకోండి. బంకుకి వెళ్ళాక అదే మీటరుతో మళ్ళీ కొలవండి. ఇప్పుడు 32 చూపించింది. దానికి నాలుగు కలిపి 36 దాకా కొట్టించండి. మరునాడు పొద్దున చూస్తే 33కి దగ్గరగా ఉంటుంది. ఒకటో అరో తేడా ఉంటే ఇంటి దగ్గరే సవరించుకోండి. ఇది తప్ప, "ఎంత పెట్టమంటారు" అని అడిగిన కుర్రాడికి నోటికొచ్చిన అంకె చెప్పకండి.

ఇదంతా అయ్యాకే రీసెట్. అప్పుడే ఆ బటన్‌కి అర్థం.

"అమెరికా నుంచి తెప్పించుకోండి, చవక"

మన ఊళ్ళలో అమెరికాలో పిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ ప్రతి కారుకీ సెన్సార్లుంటాయి, బజారులో విరివిగా దొరుకుతాయి, సూట్‌కేసులో నాలుగు వేసుకొస్తే అయిపోతుంది అనిపిస్తుంది. తేకండి. అమెరికా కార్లలో ఎక్కువ సెన్సార్లు 315 మెగాహెర్ట్జ్ తరంగం మీద మాట్లాడతాయి. మన దేశంలో అమ్మే కార్లలో ఎక్కువగా వాడేది 433 మెగాహెర్ట్జ్. రెండిటి భాషా వేరు. కారు మోడల్ పేరు ఒకటే అయినా ఆ సెన్సార్ ఇక్కడ మూగదే. పైగా టైరు విప్పి, బిగించి, బ్యాలెన్సింగు చేయించాక తెలుస్తుంది, మళ్ళీ విప్పాలని. మీ కారు మోడల్, తయారైన సంవత్సరం, పాత సెన్సార్ మీదున్న పార్టు నంబరు, తరంగం, ఈ నాలుగూ చూసి ఇక్కడే కొనండి.

అక్కడి పిల్లలు ఫోనులో చెప్పే మరో సలహా కూడా ఇలాగే దారి తప్పుతుంది. చికాగోలోనో మిన్నియాపొలిస్‌లోనో నవంబరు చలికి రాత్రికి రాత్రి ఉష్ణోగ్రత ఇరవై డిగ్రీలు పడిపోతే, అప్పటికే గాలి కొంత తక్కువగా ఉన్న టైరులో ఇంకో మూడు పీఎస్ఐ తగ్గి దీపం వెలుగుతుంది. కాసేపు నడిపితే వేడెక్కి ఆరిపోతుంది. "అదేం లేదు నాన్నా, చలికి వెలుగుతుంది, నడిపితే అదే పోతుంది" అని వాళ్ళు ధైర్యం చెబుతారు. అక్కడ కూడా దానర్థం గాలి నింపమనే. మన దగ్గర వీరులపాడులో ఏ చలి రాత్రీ ఉష్ణోగ్రత అలా పడదు. ఇక్కడ పొద్దున్నే దీపం వెలిగిందంటే గాలి ఎక్కడి నుంచో పోతోంది. బండి కదిలించకముందే కిందికి దిగి చూడాలి.

"పదిరోజులు తిప్పండి, అదే నేర్చుకుంటుంది"

ఇది సగం నిజం, అందుకే పూర్తి తప్పు సలహా కంటే ఎక్కువ తిప్పలు పెడుతుంది. కొన్ని కార్లు కొత్త సెన్సార్ల నంబర్లు తమంతట తామే నేర్చుకుంటాయి. ఇంకొన్ని అసలు నేర్చుకోవు. వాటికి టైరు షాపులో చేతిలో పట్టుకొనే పరికరంతో ప్రతి చక్రం దగ్గరా సెన్సారును లేపి, నంబరు చదివి, స్టీరింగ్ కింద ఉండే సాకెట్టు ద్వారా కారులోకి ఎక్కించాలి. మీ కారు ఏ బాపతో దానితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. కవరు కూడా విప్పకుండా డ్యాష్‌బోర్డు అరలో పడేసిన ఆ పుస్తకం ఇప్పుడైనా తీయండి.

తానే నేర్చుకునే కారైతే, ఎక్కడ నడపాలన్నది పెద్ద సంగతి. బండి నిలబడి ఉన్నప్పుడు సెన్సార్ బ్యాటరీ ఆదా కోసం నిద్రపోతుంది. గంటకి ముప్పై, నలభై కిలోమీటర్ల వేగంతో కాసేపు ఆగకుండా నడిస్తేనే లేచి మాట్లాడుతుంది. వీరులపాడు నుంచి పల్లెల మధ్య రోడ్ల మీద గేదెలు, గుంటలు, ట్రాక్టర్లు, ఆరబోసిన మిరపకాయల మధ్య తిరిగితే ఆ వేగం నిలవదు. పదిరోజులు తిరిగినా నేర్చుకోకపోవచ్చు. దానికి హైవే కావాలి. నందిగామ నుంచి కంచికచర్ల దాకా సుమారు పదిహేను కిలోమీటర్లు, నాలుగు వరుసల రోడ్డు. ఒక మాదిరి వేగంతో, మధ్యలో ఆపకుండా వెళ్ళిరండి. చాలా కార్లకి అది సరిపోతుంది. అంతకీ దీపం కొట్టుకోవడం ఆగకపోతే ఇక తిప్పడం మాని, పరికరం ఉన్న షాపుకి వెళ్ళండి. అన్ని టైరు షాపుల్లోనూ ఆ పరికరం ఉండదు. ముందే ఫోను చేసి, మీ కారు పేరు చెప్పి అడగండి. దగ్గర్లో దొరక్కపోతే విజయవాడ ఆటోనగర్ ఉండనే ఉంది.

డిక్కీలో పాత సెన్సార్లున్న చక్రాలు వేసుకొని నేర్పించే పని పెట్టుకోకండి. షాపులో పక్కన ఇంకో కారు చక్రాలు విప్పి పెట్టి ఉంటే, నేర్పించేటప్పుడు మీ కారును కొంచెం దూరం జరపమనండి. పరికరం లేపేటప్పుడు పక్కన ఉన్నది కూడా లేచి జవాబు చెప్పే అవకాశం ఉంది.

సెన్సార్ మార్పించే రోజు షాపు కుర్రాడికి చెప్పాల్సిన మాటలు కొన్ని ఉన్నాయి. చెప్పకపోతే తప్పు అతనిది కాదు. ఈ చక్రాల్లో లోపల సెన్సార్ ఉందని విప్పకముందే చెప్పండి. టైరు అంచును డిస్కు నుంచి విడదీసే మిషను పార వాల్వు దగ్గర పడితే ఒక్క దెబ్బకి సెన్సార్ ముక్కలవుతుంది. వాల్వుకి దూరంగా పట్టించమనండి. కొత్త సెన్సారుతో వచ్చిన రబ్బరు వాషరే వేయాలి, పాతది కాదు. వాల్వు లోహపుదైతే లోపలి పిన్ను నికెల్ పూత ఉన్నదే వేయాలి. మామూలు ఇత్తడి పిన్ను అల్యూమినియంతో కలిస్తే తుప్పు పట్టి, ఏడాది తర్వాత తీయబోతే వాల్వు విరిగొస్తుంది. మూత కూడా ప్లాస్టిక్‌దే ఉంచండి. మెరిసే ఇత్తడి మూతలు అందంగా ఉంటాయి గానీ అక్కడే బిగుసుకుపోతాయి.

అన్నిటికంటే ముఖ్యంగా, టైరు మూసేలోపు కొత్త సెన్సార్ మీదున్న నంబరును ఫోనులో ఫొటో తీసుకోండి, ఏది ఏ చక్రానికి వేస్తున్నారో కూడా కనిపించేటట్టు. తర్వాత ఎప్పుడైనా నేర్పించే పరికరానికి ఆ సెన్సార్ దొరక్కపోతే, టైరు మళ్ళీ విప్పే పని లేకుండా ఆ నంబరు చేత్తో ఎక్కించవచ్చు. టైర్లు ముందుకీ వెనక్కీ మార్పించినప్పుడు కూడా ఈ ఫొటో పనికొస్తుంది. చోట్లు మళ్ళీ నేర్పించకపోతే కొన్ని కార్లలో తెర మీద ముందు ఎడమ చక్రం అంకె అసలు వెనక చక్రానిదై ఉంటుంది. మీరు మంచి టైరుకి గాలి కొట్టిస్తూ, దిగిపోతున్న టైరును వదిలేస్తారు.

బ్యాటరీ తీసి అరగంట పెట్టండి, అన్నీ మర్చిపోతుంది అని చెప్పేవాళ్ళకి ఒక్క మాట చాలు. సెన్సార్ నంబర్లు కారు జ్ఞాపకంలో బ్యాటరీ తీసినా పోవు. పోయేవి గడియారం, రేడియో, కిటికీ అద్దాల అమరిక. కొత్త నంబర్లు నేర్చుకోవడం వేరే పని, దానికి బ్యాటరీతో సంబంధం లేదు.

"జెల్ పోయించండి, లేదా ట్యూబ్ వేయించండి"

మన నల్లరేగడి చేల దారుల్లో తుమ్మముళ్ళ కంటే మోసం చేసేవి పత్తి మోళ్ళు. పత్తి కట్టె కొట్టేశాక మిగిలిన మోడు ఎండి, కొన వాడిగా నిలబడి ఉంటుంది. చేను పక్కన బండి తిప్పుకుంటే టైరులోకి దిగిపోతుంది. ఈ బాధ పడలేక టైర్లలో ముందే జెల్ పోయించుకోవడం ఇక్కడ అలవాటైంది. సెన్సార్ లేని టైరుకైతే అది మీ ఇష్టం. సెన్సార్ ఉన్న చక్రంలో ఆ జిగురు సెన్సార్ గాలి పీల్చే సన్నటి రంధ్రాన్ని మూసేయగలదు. అప్పుడు టైరు దిగిపోతున్నా అది పాత అంకెనే చెబుతూ ఉండొచ్చు, లేదా పూర్తిగా చచ్చిపోవచ్చు. దారిలో వేరే గతి లేక కారుతో వచ్చిన కిట్టులోని ద్రవం వాడాల్సి వస్తే వాడండి. అప్పుడు ప్రాణం ముఖ్యం. కానీ ఇంటికి చేరాక టైరు విప్పించి, సెన్సార్ తుడిపించి చూడాలి, పాడైతే మార్చాలి. ఆ టైరు పంక్చర్ కూడా లోపలి నుంచి సరిగ్గా వేయించాలి.

ట్యూబ్ సలహా ఇంకా చెడ్డది. ట్యూబ్‌లెస్ టైరులో ట్యూబ్ వేయాలంటే లోపలున్న సెన్సార్ తీసేయాలి. ఆ రోజుతో ఆ చక్రానికి కాపలా పోయినట్టే. పైగా ట్యూబ్‌లెస్ టైరులో మేకు దిగితే గాలి మెల్లగా పోయి, దీపానికి చెప్పే వ్యవధి ఉంటుంది. ట్యూబ్ అయితే గాలి ఒక్కసారిగా పోవచ్చు.

దీపం మీద నల్ల టేపు అంటించమనే సలహా కూడా వినిపిస్తుంది. కొన్ని దేశాల్లో అయితే నాలుగు సెన్సార్లనూ ప్లాస్టిక్ పైపులో పెట్టి, రెండు వైపులా మూసి, గాలి కొట్టి, డిక్కీలో పడేసేవాళ్ళున్నారు. కారు ఆ పైపులో గాలి చూసి అంతా బాగుందనుకుంటుంది. చక్రాల్లో ఏముందో మాత్రం ఎవరికీ తెలియదు. ఇంతకన్నా కళ్ళకు గంతలు కట్టుకొని నడపడం నయం, కనీసం కనబడటం లేదని మనకి తెలుస్తుంది.

పాత కార్లకి వాల్వు మూత బదులు బిగించే సెన్సార్లు, డ్యాష్‌బోర్డు మీద సౌరశక్తితో పనిచేసే చిన్న తెర, ఇవి ఇప్పుడు బాగా అమ్ముడుపోతున్నాయి. ఏ హెచ్చరికా లేనిదానికంటే ఇవి మేలే. వాటిని మార్చినప్పుడు ఆ చిన్న తెరకి నేర్పాలి, కారుకి కాదు. అవి రబ్బరు వాల్వు చివర బరువు పెంచుతాయి. వాల్వు పాతదై మొదట్లో పగుళ్ళు కనిపిస్తే ముందు వాల్వు మార్పించి, తర్వాత బిగించండి. గాలి కొట్టించిన ప్రతిసారీ విప్పాలి కాబట్టి, మళ్ళీ ఏది ఏ చక్రానిదో తారుమారు కాకుండా మూత మీద గీత పెట్టుకోండి.

ఇక స్టెప్నీ. చాలా కార్లలో దానికి సెన్సార్ ఉండదు. దాన్ని బిగించి నడిపినప్పుడు దీపం నిమిషంపాటు కొట్టుకొని నిలబడితే కంగారు పడకండి. ఆ చక్రం మాట వినిపించడం లేదని మాత్రమే దానర్థం. తీసిన చక్రానికి పంక్చర్ వేయించి తిరిగి పెట్టాక, కొంత దూరం నడిపితే చాలా కార్లలో దీపం ఆరుతుంది. కానీ ఎవరూ కొలవని చక్రం కాబట్టి నెలల తరబడి డిక్కీలో పడి ఉండి ఆ స్టెప్నీ గాలి మెల్లగా పోతూనే ఉంటుంది. తెల్లవారుజామున చేతి మీటరు తీసి నాలుగు చక్రాలూ చూసేటప్పుడు డిక్కీ మూత కూడా ఎత్తి ఆ అయిదోదీ చూడండి. సన్నటి స్టెప్నీ అయితే దానికి కావాల్సిన గాలి మిగతావాటికంటే చాలా ఎక్కువ, దాదాపు రెట్టింపు ఉంటుంది. ఆ అంకె కూడా తలుపు పక్క చీటీలోనో, ఆ టైరు మీదనో రాసి ఉంటుంది.